గుమ్మం నుంచి గుమ్మం దాకా: చవక టికెట్టు కోసం కోనసీమ చుట్టూ నాలుగు రోజులు

మొదటి రోజు: అమలాపురం – అంబాజీపేట

టికెట్లు కొనే పని నా మీద పడింది. పెళ్ళి మలేసియాలో, బగాన్ దాతులో. మా తాతయ్య తమ్ముడు కుర్రతనంలో అక్కడి కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆయన మునిమనవరాలి పెళ్ళి ఇది. పెరాక్ నది సముద్రంలో కలిసేచోట ఉండే ఆ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మలేసియాలోని తెలుగువాళ్ళు 1955లోనే మలయా ఆంధ్ర సంఘం పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. మా వైపు నుంచి అయిదుగురం వెళ్దామనుకున్నాం: నేను, అంబాజీపేట మామయ్య, అత్తయ్య, నరసాపురం పిన్ని, కాకినాడలో ఉండే మా చెల్లెలు. నాలుగు రాత్రుల ప్రయాణం.

నాలుగు రాత్రులకు ఖరీదైన విమానం ఎందుకు, చవకది చూడమని అందరిదీ ఒకే మాట. నాదీ అదే. అయితే రెండేళ్ళ కిందట ఒకసారి చవక అనగానే వెనకా ముందూ చూడకుండా కొన్నాను. తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కే ద్వారం దగ్గర త్రాసు పెట్టి చేతిసంచి తూచారు. రెండు కిలోలు ఎక్కువ వచ్చింది. అక్కడ కట్టిన సొమ్ముతో ముందే ఒక పెద్ద పెట్టెకు సరిపడా బరువు కొనుక్కోవచ్చు. వరుసలో వెనకవాళ్ళు చూస్తుండగా సంచి విప్పి, రెండు చీరలు తీసి భుజాన వేసుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళే ప్రయాణంలో అలాంటిది జరగనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

అందుకే ఈసారి ముందు ఫోను తెరవలేదు. ఒక నోటుపుస్తకం తీసుకుని, వెళ్ళేవాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్ళాను. పాస్‌పోర్టులు కళ్ళతో చూడాలి, సంచులు తూచాలి, ఎవరి ఒంట్లో ఎలా ఉందో తెలుసుకోవాలి. ఆ తరువాతే విమానం సంగతి.

అంబాజీపేటలో బస్సు దిగగానే కొబ్బరి పీచు వాసన. మామయ్యది కొబ్బరి కొట్టు. ముందు వైపు వలిచిన కాయలు రాశి పోసి ఉన్నాయి, లోపల అటక మీద కురిడీలు ఆరుతున్నాయి. పెళ్ళివారికి ఇవ్వడానికి మామయ్య యాభై కురిడీలు అప్పటికే ఏరి పక్కన పెట్టారు. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల గుండు కొట్టుకునే శబ్దం విని మరీ ఏరారట.

"మన సరుకు వాళ్ళకు చూపించాలి కదా అమ్మాయీ," అన్నారు.

చెప్పక తప్పలేదు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉంది. అందుకని 2022లో మన దేశంలో విమానాల చెక్-ఇన్ సామానులో దాన్ని నిషేధించారు. ఏ సంస్థ విమానమైనా ఇదే నియమం. మామయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆయనే, "నిజమే, కొబ్బరి గోదాముకు నిప్పంటుకుంటే ఒక పట్టాన ఆరదు," అని కురిడీలను మళ్ళీ అటక మీదికి పంపేశారు.

సంచులు తూచడానికి ఆ కొట్టులో ఉన్నంత వీలు ఇంకెక్కడా ఉండదు. బస్తాలు తూచే కాటా మీద అత్తయ్య సూట్‌కేసు పెట్టించాను. ఖాళీదే. 3 కిలోల 800 గ్రాములు చూపించింది. చవక విమానాల్లో చాలావాటిలో చేతిలో తీసుకెళ్ళే సామాను అంతా కలిపి 7 కిలోలు. సంచి ఒకటే అయినా, దానితో పాటు చిన్న బ్యాగు ఉన్నా, మొత్తం అంతే. పెట్టే సగం తినేస్తే ఇంక బట్టలకు మిగిలేది 3 కిలోలు. అత్తయ్య లోపలికి వెళ్ళి, పుట్టింటివాళ్ళు ఎప్పుడో కుట్టించి ఇచ్చిన మందపాటి గుడ్డసంచి తెచ్చారు. అది 400 గ్రాములు. మూడు పట్టుచీరలు, నాలుగు నూలుచీరలు, మందుల డబ్బా, తువ్వాళ్ళు సర్ది మళ్ళీ కాటా ఎక్కిస్తే 6 కిలోల 200. మామయ్య కొట్టులో పనిచేసే అబ్బాయి ఆ అంకెను సుద్దముక్కతో గోడ మీద రాశాడు.

పుస్తకంలో మొదటి పేజీలో నేను రాసుకున్నది మాత్రం బరువు కాదు. అత్తయ్య మోకాళ్ళ సంగతి. పది నిమిషాలు నిలబడితే ఆవిడకు నొప్పి మొదలవుతుంది. మెట్లు ఎక్కడం ఇంకా కష్టం.

రెండో రోజు: రాజోలు – సఖినేటిపల్లి రేవు – నరసాపురం

కోనసీమలో లోపలి ఊళ్ళకు రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వేయవలసిన రైలుమార్గానికి నదుల్లో స్తంభాలు లేచాయి గాని రైలు రాలేదు. కనుక విమానం ఎంత చవకదైనా, దాని దగ్గరికి చేరడానికి మనం పెట్టే ఖర్చు దానికి కలపాలి. హైదరాబాదులో ఉన్నవాళ్ళు వేసే లెక్క మనకు పనికిరాదు. వాళ్ళకు ఊరి బయటే విమానాశ్రయం. మనకు ముందు ఒక పాయ దాటాలి, తరువాత జాతీయ రహదారి అందుకోవాలి.

రాజోలు బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిందట. ఈ వైపు గల్ఫ్‌కు వెళ్ళిన మనిషి లేని వీధి అరుదు. నేను పుస్తకంలో రాసుకుంటుంటే ఏమిటని అడిగింది. చెప్పాను. "అక్కా, రెండు టికెట్లు విడివిడిగా మాత్రం కొనకండి," అంది వెంటనే. కిందటిసారి తను డబ్బు కలిసొస్తుందని ఇక్కడి నుంచి హైదరాబాదుకు ఒక టికెట్టు, అక్కడి నుంచి మస్కట్‌కు వేరే సంస్థ టికెట్టు కొన్నదట. మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైంది. రెండోది వెళ్ళిపోయింది. మొదటివాళ్ళు తమ పని అయిందన్నారు. రెండోవాళ్ళు మీరు రాలేదు కనుక టికెట్టు పోయిందన్నారు. కొత్త టికెట్టుకు నెల జీతం అయిపోయిందని చెబుతున్నప్పుడు ఆ పిల్ల గొంతు మారింది.

ఆ అమ్మాయి చెప్పింది చిన్న విషయం కాదు. ఒకే టికెట్టు మీద రెండు విమానాలుంటే, మొదటిది ఆలస్యమైనా మనల్ని గమ్యం చేర్చే బాధ్యత ఆ టికెట్టు ఇచ్చిన విమాన సంస్థది. సామాను కూడా చాలావరకు చివరిదాకా వాళ్ళే చేరుస్తారు. విడివిడిగా కొంటే మధ్య ఊళ్ళో మనమే పెట్టెలు దించుకోవాలి, మళ్ళీ ఎక్కించుకోవాలి. అది పరాయి దేశమైతే, సామాను తీసుకోవడానికి బయటికి రావాలన్నా చాలాచోట్ల వీసా కావాలి. దీన్ని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. మోటారు సైకిళ్ళు, పాలక్యాన్లు, అరటిగెలలు, మనుషులు అందరం ఒకే బల్ల మీద. కార్తీకమాసం కదా, అంతర్వేది వెళ్ళి వస్తున్నవాళ్ళు ఎక్కువగా ఉన్నారు. వశిష్ఠ నిండుగా ఉంది. అవతలి ఒడ్డున నరసాపురం.

పిన్ని వీధి అరుగు మీద లేసు అల్లుతూ కూర్చుంది. నరసాపురం లేసుకు పేరు ఎక్కడిదాకా వెళ్ళిందో ఆవిడకు పట్టదు గాని, పెళ్ళికూతురికి ఇవ్వడానికి ఒక బల్లగుడ్డ అల్లుతోంది. దాని బరువు పావుకిలో కూడా లేదు. ఇంతకన్నా మంచి కానుక 7 కిలోల ప్రయాణానికి దొరకదు.

సమస్య పాస్‌పోర్టులో ఉంది. పిన్ని పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరు మొత్తం ఒకే గడిలో ఉంది. టికెట్టు కొనే చోట రెండు గడులూ నింపనిదే ముందుకు వెళ్ళనివ్వదు. ఇలాంటప్పుడు కొన్ని సంస్థలు అదే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి, కొన్ని ఇంకో పద్ధతి చెబుతాయి. కొనబోయే సంస్థ నియమం చదవకుండా మనకు తోచిన ఇంటిపేరు రాస్తే టికెట్టులో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు అవుతుంది. చవక టికెట్ల మీద పేరు సరిచేయించుకోవడానికి కట్టేది ఒక్కోసారి టికెట్టు ధరకు దగ్గరగా వస్తుంది. తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో ఈ చిక్కు చాలా ఎక్కువ. గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు ఇంకా జాగ్రత్త పడాలి, ఎందుకంటే 2022 నవంబరు నుంచి యూఏఈ సందర్శన వీసాల విషయంలో ఒకే పేరున్న పాస్‌పోర్టును ఒప్పుకోవడం మానేసింది.

గడువు కూడా చూశాను. ప్రయాణం నాటికి ఆరు నెలలకు పైగా ఉండాలి. ఉంది.

ఆ రాత్రి పిన్ని చేతి చేపల పులుసు తిని అక్కడే పడుకున్నాను.

మూడో రోజు: పాలకొల్లు – ఆత్రేయపురం – రాజమహేంద్రవరం

పాలకొల్లు మీదుగా రహదారి ఎక్కి, సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం. అక్కడ దిగి ఆత్రేయపురం వెళ్ళాను. పూతరేకులు కొనడానికి కాదు, ఎంత ముందుగా చెప్పాలో కనుక్కోవడానికి. బోర్లించిన కుండ మీద పలచని పిండి గుడ్డ లాగగానే కాగితంలాంటి పొర లేస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. మామయ్య కురిడీల బదులు ఇవే తీసుకెళ్దామని అప్పుడే నిశ్చయించాను. చోటు తింటాయి, బరువు తినవు. అడుగున పెడితే పొడి అవుతాయి కనుక చేతిసంచిలో పైన ఉండాలి. ఆవకాయ మాత్రం చేతిసంచిలో పనికిరాదు, కింద వేసే పెట్టెలోనే పెట్టాలి.

బొబ్బర్లంక మీదుగా ఆనకట్ట దాటుతుంటే ఎప్పుడూ కిటికీ వదలను. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట చోటనే ఇప్పటి బరాజ్ ఉంది. ఈ నీళ్ళు లేకపోతే మా డెల్టా లేదు, మామయ్య కొబ్బరి లేదు.

రాజమహేంద్రవరంలో మా వారి స్నేహితుడు ఒకాయన టికెట్ల వ్యాపారం చేస్తారు. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తారు. పుస్తకం ఆయన ముందు పెట్టాను. రెండు గంటలు కూర్చున్నాం. నేను ఇంతవరకూ ఒకే దారి చూశాను. ఆయన నాలుగు చూపించారు.

రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాదుకు ఇండిగో, అక్కడి నుంచి మలేసియా ఎయిర్‌లైన్స్‌లో కౌలాలంపూర్. రెండోది భోజనం టికెట్టులోనే వచ్చే సంస్థ. ఇంటికి దగ్గరి విమానాశ్రయం నుంచి బయల్దేరవచ్చు. అయితే ఆయన చూపించినవి రెండు విడి టికెట్లు. బస్సులో ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చింది. విశాఖ నుంచి బ్యాంకాక్ వెళ్ళి అక్కడ వేరే టికెట్టు కొనుక్కోవడం ఇంకో దారి. తెర మీద అన్నిటికంటే తక్కువ చూపించింది అదే, కానీ అదీ అదే కథ.

మూడోది నాకు నిజంగా నచ్చింది. స్కూట్ అనే చవక విమాన సంస్థ అప్పట్లో విశాఖ నుంచి సింగపూర్‌కు, సింగపూర్ నుంచి ఇపోకు నడిపేది. ఇపో కూడా బగాన్ దాతు ఉన్న పెరాక్ రాష్ట్రంలోనే ఉంది. రెండూ ఒకే సంస్థవి కనుక ఒకే టికెట్టు కొనవచ్చు, మధ్యలో బయటికి రానక్కరలేదు. చేతిసామాను కూడా 10 కిలోలు ఇస్తారు. పటం మీద చూస్తే ఇదే సరైన దారి అనిపిస్తుంది. కానీ సింగపూర్‌లో గంటల తరబడి వేచి ఉండాలి, అత్తయ్య రెండుసార్లు విమానం ఎక్కాలి, రెండుసార్లు దిగాలి. కుర్రవాళ్ళయితే నేనే ఈ దారి చెబుతాను.

ఇక నాలుగోది, విశాఖ నుంచి నేరుగా కౌలాలంపూర్‌కు ఎయిర్ ఏషియా. నాలుగు గంటల ప్రయాణం. ఈ మార్గంలో ఇంతకు ముందు కూడా నడిచి ఆగింది, 2024 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. అప్పటికి రోజూ లేదు, వారంలో కొన్ని రోజులే నడిచేది. అందులోనే ఒక చిక్కుంది. రోజూ తిరిగే విమానం రద్దయితే మర్నాడు ఎక్కిస్తారు, వారానికి కొన్నిసార్లే తిరిగేది రద్దయితే రెండు మూడు రోజులు ఆగాలి. అందుకని పెళ్ళి ముందురోజు చేరేలా కాకుండా రెండు రోజుల ముందు చేరేలా చూసుకోమన్నారు అన్నయ్యగారు. నాలుగు రాత్రుల్లో ఒక రాత్రి అలా పక్కన పెట్టడం నాకు మొదట నచ్చలేదు. ఆలోచించాక ఆయన మాటే సరైనదనిపించింది.

వీళ్ళకు ఇంత తక్కువకు ఎలా గిట్టుతుందని అడిగాను. ఆయన ఇష్టంగా చెప్పారు. విమానాలన్నీ దాదాపు ఒకే రకం ఉంచుకుంటారు. విడిభాగాలు ఒకే రకం, పైలట్ల శిక్షణ ఒకే రకం. దిగిన విమానాన్ని అరగంటలోపే మళ్ళీ పైకి లేపడానికి చూస్తారు, ఎందుకంటే నేల మీద నిలబడినంతసేపూ దానికి సంపాదన లేదు. భోజనం, సీటు, సామాను అన్నీ విడదీసి అమ్ముతారు. ఏమీ అక్కరలేనివాడు తక్కువకు వెళ్తాడు, కావలసినవాడు కొనుక్కుంటాడు. అది అన్యాయమేమీ కాదు. మనకు ఏం కావాలో మనకు ముందుగా తెలియకపోవడంలోనే నష్టమంతా ఉంది.

నాలుగో రోజు: కాకినాడ – కోరంగి – యానాం – ఇల్లు

కాకినాడలో చెల్లెలి ఇంట్లో ఎక్కువసేపు ఆగలేదు. దాని పాస్‌పోర్టు బాగుంది, సంచి బాగుంది, మోకాళ్ళు బాగున్నాయి.

తాళ్ళరేవు దారిలో కోరంగి దగ్గర బస్సు నెమ్మదించింది. ఒకప్పుడు ఇది పెద్ద రేవు. 1839 తుపానులో ఓడలతో సహా తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన మనవాళ్ళను అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచేవారు. మా చిన్నతాతయ్య ఎక్కడ ఓడ ఎక్కాడో మా ఇంట్లో ఎవరికీ రూఢిగా తెలియదు. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప పట్టుకెళ్ళాడని మాత్రం నాయనమ్మ చెప్పేది. ఆయన మళ్ళీ ఈ ఒడ్డు చూడలేదు. ఇప్పుడు నాలుగు గంటల ప్రయాణం గురించి నేను నాలుగు రోజులుగా లెక్కలు వేస్తున్నాను. ఆయన ఇంటి గడప తొక్కడానికి ఇంత కాలం పట్టింది మాకు. ఈ లెక్క సరిగ్గా వేయడం ఆయనకు నేను చేయగలిగిన మర్యాద అనిపించింది.

యానాం, ఎదుర్లంక వంతెన, ముమ్మిడివరం దాటి చీకటి పడేసరికి ఇల్లు చేరాను. భోజనం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

నేరుగా వెళ్ళే విమానమే తీసుకున్నాను. అయిదుగురికీ ఒకే బుకింగ్. వెళ్ళేటప్పుడు ఇద్దరి పేరు మీద 20 కిలోల చొప్పున సామాను కొన్నాను, వచ్చేటప్పుడు ఒక్కరికే. రాకకూ పోకకూ విడివిడిగా కొనుక్కోవచ్చని చాలామంది గమనించరు. అత్తయ్యకు ముందు వరుసల్లో నడవ పక్క సీటు, ఆవిడ పక్కన మామయ్యకు ఒకటి కొన్నాను. ఒకే బుకింగ్ అయినా సీటు కొనకపోతే పక్కపక్కనే వస్తుందన్న హామీ ఉండదు. మిగతా ముగ్గురం ఎక్కడ కూర్చున్నా పరవాలేదు. భోజనం కొనలేదు, రాత్రి విమానం. అత్తయ్యకు వీల్‌చైర్ అప్పుడే అడిగాను. ఆఖరి గంటలో అడిగితే దొరుకుతుందో లేదో.

బీమా గడిలో నేను పెట్టని టిక్కు ఒకటి కనిపించింది, తీసేశాను. పెద్దవాళ్ళు ఉన్నారు కనుక ఆరోగ్య బీమా విడిగా, నిబంధనలు చదివి తీసుకున్నాను. పిన్ని పేరు ఆ సంస్థ చెప్పిన పద్ధతిలోనే రాసి, అక్షరం అక్షరం రెండుసార్లు చదివాను.

డబ్బు కట్టేముందు మొత్తం కూడాను. సామాను, సీట్లు, విశాఖకు కారు కిరాయి, అక్కడ దిగాక బగాన్ దాతుకు కారు, అన్నీ. మొదట తెర మీద కనిపించిన అంకెకు దాదాపు సగం కలిసింది. అయినా హైదరాబాదు దారి కంటే తక్కువే, పైగా ఒకే విమానం.

ప్రయాణం రోజు

పిన్ని ముందురోజే వచ్చేసింది. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్ళను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. కానీ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఒక డిజిటల్ కార్డు నింపాలి. అది ఉచితం. దానికి కూడా డబ్బు అడిగే సైట్లున్నాయి, ప్రభుత్వానిదే చూసుకోవాలి. అయిదుగురివీ నేనే నింపి కాగితాల మీద అచ్చు తీయించాను.

మధ్యాహ్నం కారులో బయల్దేరి, కాకినాడలో చెల్లెల్ని ఎక్కించుకుని, కత్తిపూడి దగ్గర పెద్ద రహదారి అందుకున్నాం. తుని దాటాక ఒక చెట్టు కింద ఆగి పులిహోర తిన్నాం. విశాఖలో మేము విమానం ఎక్కిన విమానాశ్రయం నౌకాదళం వైమానిక కేంద్రంలోనిది, ఊరికి ఈ వైపే, మనకు అందుబాటులో. అప్పటికి భోగాపురంలో కడుతున్న కొత్తది మొదలైతే డెల్టావాళ్ళు విశాఖ ఊరంతా దాటి ఇంకా ముందుకు వెళ్ళాలి. అప్పుడు నా పుస్తకంలో ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి.

కౌంటరు దగ్గర చేతిసంచులు తూచారు. అత్తయ్య గుడ్డసంచి 6 కిలోల 200. మామయ్య నా వైపు చూసి తల పంకించారు.

మర్నాడు

కౌలాలంపూర్ రెండో టెర్మినల్ చాలా పెద్దది. విమానం దిగిన చోటు నుంచి బయటికి ఎంతో దూరం నడవాలి, మధ్యలో ఎత్తయిన వంతెన కూడా ఉంది. అత్తయ్యను కుర్చీలో తీసుకెళ్తుంటే పక్కన నడుస్తూ, ఈ కుర్చీ అడగకుండా వచ్చి ఉంటే ఏమయ్యేదోనని గుండె ఝల్లుమంది. మన సమయం కంటే అక్కడ రెండున్నర గంటలు ముందు. తెల్లవారుతోంది.

బయట మా చిన్నతాతయ్య మనవడు నిలబడి ఉన్నాడు. ఫోటోల్లోనే చూశాను ఇంతవరకూ. తెలుగులోనే పలకరించాడు, మాట కొంచెం పాతగా ఉంది. పూతరేకుల పెట్టె నా చేతిలోంచి తీసుకుని, ఊగకుండా తన ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు గంటలకు పైగా దారి. పామాయిల్ తోటలు అయిపోయి కొబ్బరిచెట్లు మొదలయ్యేసరికి, అంతవరకూ కునికిపాట్లు పడుతున్న మామయ్య నిటారుగా కూర్చుని కిటికీ అద్దం దించారు.

"ఇక్కడ కాయ ఎంత పలుకుతోంది బాబూ?" అని అడిగారు.